చివరి వరస దాకా

డ్రైవరుగారి లెక్కలో కళ్ళ పరీక్షంటే చూసి చదివేది కాదు, చూడకుండా అప్పజెప్పేది. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే తర్వాత జరిగిందంతా విని, ఆయనకి బుర్ర లేదని మీరే తీర్పిచ్చేస్తారు. బుర్ర ఉండబట్టే వచ్చింది తంటా అంతా.

ఆయన పనిచేసిన బస్సు డిపోలో ఏటా డ్రైవర్లకి మెడికల్ జరిగేది. అదే గది, అదే గోడ, గోడకి అదే చార్టు. డాక్టర్లు మారారు గాని చార్టు మారలేదు. పై వరసలో గుమ్మడికాయంత అక్షరం, చివరి వరసలో చీమల బారు. ఆ చీమల్ని చదవలేనివాణ్ణి స్టీరింగు దగ్గర్నుంచి లేపి గ్యారేజీలో కూర్చోబెట్టేవాళ్ళు. అందుకని పాత డ్రైవర్లు కొత్త డ్రైవర్లకి డిపోలో అన్నిటికన్నా ముందు చార్టు నేర్పేవాళ్ళు. అలాగని వాళ్ళకి కళ్ళు కనపడవని కాదు, శుభ్రంగా కనపడేవి. అయినా ఏ రోజెలా ఉంటుందో ఎవరికి తెలుసని, తిన్నా తినకపోయినా చార్టు మాత్రం కంఠతా పట్టేవాళ్ళు. డ్రైవరుగారైతే మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగేవారు.

ఆయనకి పాఠం అప్పజెప్పించుకున్నది ఆయన భార్య. కుట్టుమిషను ముందు తప్ప మరోచోట కూర్చోగా ఎవరూ చూడలేదు కాబట్టి వీధి వీధంతా ఆవిణ్ణి మిషనమ్మ అనేవారు. మెడికల్ రేపనగా మిషను తొక్కుతూనే "ఊఁ, మూడో వరస చెప్పండి" అనేది. ఆయన చెప్పేవారు. తడబడితే మళ్ళీ మొదటి నుంచి. అలా ఆయన ఉద్యోగం నుంచి దిగేదాకా ఒక్క మెడికల్ కూడా తప్పలేదు. ఆ ఘనతలో సగం తనదేనని మిషనమ్మ లోలోపల మురిసిపోయేది.

దిగాక మొదలైంది అసలు కథ. కుడికంట్లో మధ్యన ఏదో మరక అడ్డొస్తోందని ఆయన అనుకున్నారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. జోడు మార్చారు. ఆఖరికి అద్దాల షాపువాడే విసుగొచ్చి కంటాసుపత్రికి తోలాడు. అక్కడి రెటీనా డాక్టరమ్మ చూసి, కంటి వెనక పొర కింద రక్తనాళాలు కారుతున్నాయనీ, ఈ కుడికన్ను చెయ్యి దాటిపోయిందనీ, ఎడమకంట్లో ఇప్పుడే మొదలైందనీ, దాన్నైనా కాపాడుకోవాలంటే నెలనెలా కంట్లోకే ఇంజెక్షన్ వేయించుకోవాలనీ చెప్పింది. కంట్లో సూది అనేసరికి డ్రైవరుగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ వేయించుకుంటే తేడా తెలిసింది. సూది పడ్డ నెలల్లో ఆయన సూదిలోకి దారం ఎక్కించి భార్యకిచ్చేవారు. ఆయనకి మిగిలిన చూపంతా ఆ ఒక్క ఎడమకన్నే.

డాక్టరమ్మ మీద ఆయనకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ గదిలో చార్టు తెర మీద పడుతుంది, పడినప్పుడల్లా అక్షరాలు మారతాయి. "మనుషుల మీద ఇంత అపనమ్మకం పనికిరాదే" అనేవారు భార్యతో.

అలా ఉండగా ఆ మహమ్మారి వచ్చిపడింది. వీధులు మూతపడ్డాయి, బస్సులు షెడ్డెక్కాయి. కంటాసుపత్రిలో పై అంతస్తంతా జ్వరాలవాళ్ళకి ఇచ్చేశారు. కళ్ళ డాక్టర్లలో సగంమందిని ఆ మంచాల దగ్గరికి పంపారు. రెటీనా డాక్టరమ్మ సగం రోజు అక్కడ నిలబడి, మిగతా సగం రోజు ఫోను పట్టుకుని కూర్చునేది. కళ్ళు చూడాల్సిన మనిషి చెవులతో వైద్యం చెయ్యాల్సి వచ్చింది.

"నాన్నగారూ, అందర్నీ పిలవలేను," అందావిడ మొదటి ఫోనులో; పెద్దవయసు పేషెంట్లందరూ ఆవిడకి నాన్నగార్లే. "ఇంజెక్షన్లు వేసేది ఒక్క గదిలోనే. ఫోనుకి ఒక చార్టు బొమ్మ పంపిస్తాను. అదే కొలతల్లో కాగితం మీద గీసి గోడకి పెట్టండి. నేను ఫోన్ చేసినప్పుడు చదవండి. చూపు తగ్గినవాళ్ళని ముందు పిలుస్తాను. బాగా చదివినవాళ్ళు కొన్నాళ్ళు ఆగొచ్చు."

ఆవిడ చెప్పింది ఒకటి, వీళ్ళు విన్నది ఒకటి. బాగా చదివితే ఆసుపత్రికి రానక్కర్లేదు, ఇదీ వీళ్ళ చెవికెక్కింది. ఆ రోజుల్లో ఆసుపత్రి పేరెత్తితే జనం గుమ్మం వెనక్కి తప్పుకునేవారు. మూడిళ్ళ అవతల ఉండే తాపీమేస్త్రి కాలు విరిగి ఆసుపత్రికి వెళ్ళాడు. కాలు అతుక్కుంది. ఊపిరి మాత్రం అతుక్కోలేదు, అక్కడే పోయాడు. ఆ వార్త విన్న రోజు మిషనమ్మకి అన్నం సయించలేదు. మీకంటూ ఉన్నది ఒక్క మనిషైతే మీరూ అంతే.

సరే, కాగితం తెచ్చి, టేపు పెట్టి కొలిచి, దళసరి పెన్నుతో మిషనమ్మ చార్టు గీసింది. బట్టలు కత్తిరించే చెయ్యి కదా, నూలుపోగంత తేడా రాలేదు. కాకపోతే పాత అలవాటు ఎక్కడికి పోతుంది, గీస్తూ గీస్తూ ప్రతి అక్షరాన్నీ పైకి చదివింది. పక్కన కుర్చీలో డ్రైవరుగారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. కునికిపాట్లు పడుతున్నారనుకుంది.

గోడకి పెట్టి, ఒకసారి చదివి చూపించమంది. నాలుగో వరస దగ్గర ఆయన ఆగిపోయారు. పెదవి కొరుక్కున్నారు. మెడ అటు వంచి ఇటు వంచి చూశారు. అన్నేళ్ళు అంత పెద్ద బస్సు నడిపిన మనిషి నాలుగక్షరాల ముందు అలా నీళ్ళు నములుతుంటే ఆవిడ చూడలేకపోయింది. ఆయన అటు స్నానానికెళ్ళగానే ఇటు కాగితం దించి, కింది వరసల్ని ఒక పిసరు పెంచి మళ్ళీ గీసింది. మోసం అనుకోలేదు, ధైర్యం అనుకుంది. నడుం దగ్గర బిగుతైన జాకెట్టుకి కుట్టు విప్పి వదులు చేస్తాం, అది మోసమా?

ఫోను వచ్చింది. మిషనమ్మ పుల్లతో అక్షరాలు చూపించింది, ఆయన చదివారు. తడుముకోకుండా, చివరి వరస దాకా.

"చాలా బాగా చదివారు నాన్నగారూ," అంది డాక్టరమ్మ. ఆ గొంతులో అలసట కాస్త తేలికపడినట్టనిపించింది. "మీకిప్పుడు తొందరేం లేదు."

ఆ పూట ఇద్దరూ సుఖంగా తిన్నారు. ఆవిడేమో అక్షరాలు పెంచబట్టి గట్టెక్కామనుకుంది. ఆయన ఏమనుకున్నారో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

ఆ తర్వాత ఫోను వచ్చే రోజు దగ్గరపడినప్పుడల్లా ఆవిడ అక్షరాల్ని ఇంకో పిసరు పెంచుతూ పోయింది. ఈలోగా వీధి మొత్తానికి మాస్కులు కుట్టే పని నెత్తిన పడింది. మనిషి మనిషికీ సగం మొహం మూసే పని. దాంతో ఇంకో చిక్కు వచ్చింది. డ్రైవరుగారు గుమ్మంలో నిలబడి పాలు పోసేవాణ్ణి పట్టుకుని "ఏమయ్యా మేనేజరూ, బ్యాంకు తీశారా" అన్నారు. మామూలు రోజుల్లో అయితే మిషనమ్మ ఉలిక్కిపడేదే. ఇప్పుడు వీధిలో ఎవరు ఎవర్ని పోల్చుకుంటున్నారు గనక? బ్యాంకు మేనేజరు కూడా ఆ ముందురోజే ఈవిణ్ణి వాళ్ళ అత్తగారనుకుని తప్పుకుపోయాడు. అంతా నవ్వుకున్నారు.

ఇంట్లో మరో వింత. డ్రైవరుగారు ఆవిణ్ణి ఓరగా చూడటం మొదలుపెట్టారు. అన్నం పెడుతుంటే మొహం అటు తిప్పి, కంటి కొసతో ఇటు చూపు. మిషను తొక్కుతుంటే అదే చూపు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆ మనిషి అలా చూసిన పాపాన పోలేదు. "ఏంటండీ ఆ చూపులు, ఈ వయసులో" అని కసిరింది గాని, కసిరాక వంటింట్లోకి వెళ్ళి జుట్టు సరిచేసుకుంది. లాక్‌డౌన్ వల్ల నాకు ఒక్క మేలైనా జరిగిందనుకుంది, పిచ్చి తల్లి.

ఎదురుగా చూస్తే ఆయనకి మధ్యలో ఏమీ లేదనీ, ఏం మిగిలినా అంచుల్లోనే మిగిలిందనీ, అందుకే ఆ కొసచూపనీ ఆవిడకి ఎవరు చెప్తారు? చెప్పాల్సిన డాక్టరమ్మ ఫోనులో ఉంది. ఫోనుకి ఓరచూపులు వినపడవు.

తెలిసే రోజు రానే వచ్చింది. ఆ పొద్దున మిషనమ్మ చార్టు దించి బల్ల మీద పరుచుకుంది. ఫోను మధ్యాహ్నం వస్తుందన్నారు, ఈలోగా కొత్తది గీసేద్దామని. ఈసారి చివరి వరసని పాత మొదటి వరసంత చేస్తోంది. పెంచి పెంచి ఇక పెంచడానికి కాగితం చాలక, పక్కన ఇంకో ముక్క అతికిస్తోంది. అప్పుడు మోగింది ఫోను, చెప్పిన వేళకి ముందే. డ్రైవరుగారు స్పీకరు నొక్కి, ఎంత దూరంలో నిలబడాలో గుర్తుగా నేల మీద అంటించిన పట్టీ దగ్గరికి కాలితో తడుముకుంటూ వెళ్ళి నిలబడ్డారు. పని చెయ్యని కుడికంటిని అరచేత్తో భద్రంగా మూసుకున్నారు.

"మొదలుపెట్టనా డాక్టరమ్మా" అన్నారు.

మిషనమ్మ ఒక చేతిలో జిగురు, ఒక చేతిలో కాగితం పట్టుకుని నోరు తెరిచింది. ఆగండి, ఇంకా పెట్టలేదు అనబోయింది. ఆలోపే ఆయన మొదలుపెట్టేశారు.

మొదటి వరస. రెండో వరస. గోడ బోసిగా ఉంది. చార్టు ఉండాల్సినచోట రెండు మేకులూ, సున్నం మీద చార్టు మేర తెల్లటి చదరమూ, అంతే. ఆయన ఆ సున్నం వంక తల నిటారుగా పెట్టి చూస్తూ మూడో వరస చదివారు, నాలుగో వరస చదివారు. వరసకీ వరసకీ మధ్య, పుల్ల కిందికి జరగడానికి పట్టేంత సేపు ఆగారు కూడా. చివరి వరస దగ్గర కాస్త కళ్ళు చికిలించారు, కష్టపడుతున్నట్టు. ఆ చికిలింపు చూసి ఆవిడ చేతిలోని జిగురు బల్ల మీద పెట్టేసింది.

"అద్భుతం," అంది డాక్టరమ్మ. "మీ గురించి మిగతా పేషెంట్లకి కూడా చెప్తున్నాను నాన్నగారూ, ధైర్యంగా ఉంటారని. ఈసారి మీ వంతు ఇంకొకాయనకి ఇచ్చేస్తున్నాను. ఆయన రెండో వరస కూడా చదవలేకపోతున్నాడు."

"డాక్టరమ్మా," అంది మిషనమ్మ. "గోడ మీద ఏం లేదమ్మా." కానీ ఆ పక్క అప్పటికే ఇంకో నంబరు కలిసిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ మళ్ళీ చేసింది. లైను ఖాళీ లేదు, కాసేపాగి ప్రయత్నించండి అని ఎవరో ఆడమనిషి ఎంతో మర్యాదగా చెప్తూ పోయింది.

ఆవిడ ఫోను పక్కన పడేసి ఆయన ముందు నిలబడింది.

"ఎన్నాళ్ళయింది?" అంది.

"ఏది?"

"ఏం తెలీనట్టు మాట్లాడకండి. గోడ మీద చార్టు లేదు. ఇదిగో, నా చేతిలో ఉంది."

ఆయన చెయ్యి చాపి కాగితాన్ని తడిమారు. కుర్చీ ఎక్కడుందో వెతుక్కుని కూర్చున్నారు. "ఆసుపత్రికి రమ్మంటారని," అన్నారు. "నాతో నువ్వూ రావాలి కదా. ఆ మేస్త్రికి పట్టిన గతి నీకు పడితే నేనేమవ్వాలి? నాకు కన్ను పోతే నువ్వుంటావు. నువ్వు పోతే ఈ కన్ను పెట్టుకుని నేనేం చూడాలి?"

ఇంత మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. రావాల్సిన రోజు ఇదా అని ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. తన తప్పు దాచుకోవడం ఇంక చేతకాక, "నేనూ చేశానండీ," అంది. "ప్రతిసారీ అక్షరాలు పెంచుకుంటూ వచ్చాను, మీరు అధైర్యపడతారని. ఇప్పుడు చూడండి, చివరి వరస అరచెయ్యంత ఉంది."

"అరచెయ్యంతా?" అన్నారాయన. నిజంగానే ఆశ్చర్యపోయారు. "నేనెప్పుడు చూశానే దాన్ని."

అంటే ఆవిడ పెంచిన అక్షరాల్ని ఈ లోకంలో ఒక్క ప్రాణి కూడా చూడలేదన్నమాట. ఎవరికోసం గీసిందో ఆయన చూడలేదు, ఎవర్ని బురిడీ కొట్టించడానికి గీసిందో ఆ డాక్టరమ్మకీ కనపడలేదు. నవ్వాలో తల బాదుకోవాలో తెలియక మిషనమ్మ చెప్పులేసుకుంది.

బయల్దేరడమైతే బయల్దేరారు గాని వెళ్ళడానికి బండేదీ? జన్మంతా బస్సు నడిపిన మనిషి బస్సుకోసం రోడ్డు మీద నిలబడ్డారు. రోడ్డు మీద కుక్కలు తప్ప ఏమీ లేవు. ఆఖరికి నర్సుల్ని ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్ళే బస్సొకటి వచ్చింది. ఆయన్ని చూసి గట్టిగా బ్రేకేసింది. ఆ తొక్కడంలోనే తెలిసిపోయింది ఎవరో. డ్రైవరుగారు చేయి పట్టి పని నేర్పిన కుర్రడ్రైవరు. డిపోలో అందరూ వాణ్ణి సడన్‌బ్రేక్ అనేవారు.

"అన్నా, నువ్వేంటిక్కడ? ఎక్కు వదినా, ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటా," అన్నాడు సడన్‌బ్రేక్. దారంతా వాడి నోరు మూతపడలేదు. "ఈ ఏడు మాకు మెడికల్ లేదన్నా, తెలుసా. మహమ్మారని కొట్టేశారు. ఉన్నా నాకేం భయంలే. నువ్వు నేర్పిన చార్టు ఇప్పటికీ నాలిక మీదుంది. అప్పజెప్పమంటావా?"

"రోడ్డు చూసి నడపరా," అన్నారు డ్రైవరుగారు. అంత నీరసంగా ఆయన ఆ మాట అనడం మిషనమ్మ ఎప్పుడూ వినలేదు. ఆవిడ మాత్రం ఆసుపత్రి వచ్చేదాకా ఆయన కన్ను సంగతి మర్చిపోయి, బస్సుకి అడ్డొచ్చే ప్రతి కుక్కనీ తనే చూసి పెట్టింది.

డాక్టరమ్మ నఖశిఖపర్యంతం ప్లాస్టిక్కులో ఉంది. మిషనమ్మ చెప్పిందంతా వింది. కంట్లో చుక్కలు వేయించి, ఆయన గడ్డాన్ని స్కానింగు మిషను మీద ఆనించింది. ఆ మిషను ఏమీ చదవమనలేదు. ఓసారి ఎర్రగా వెలిగి, ఆయన కంటి వెనక ఏముందో తెర మీద గీసిచూపించింది. అప్పజెప్పడానికి అక్కడేమీ లేదు. డాక్టరమ్మ ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది.

"మధ్యలో మచ్చ కట్టిందమ్మా," అంది మిషనమ్మని పక్కకి పిలిచి. "అది ఇంక పోదు. మొదట్లోనే వస్తే ఆపేదాన్ని. ఫోనులో అందరికన్నా బాగా చదివారు, అందుకే జాబితాలో అందరికన్నా కింద పెట్టాను." అద్దాల వెనక ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది నిద్రలేకో మరెందుకో చెప్పడం కష్టం. "చుట్టూ ఉన్న చూపు మిగలాలంటే ఇవాళ్టి నుంచి ఇంజెక్షన్లు తప్పకూడదు. పైనుంచి వంద ప్రశ్నలు వేస్తారు, ఈయన్నే ముందెందుకు పిలుస్తున్నావని. బొమ్మ ఒక్కటే చూపిస్తే చాలదు. ఆయనకి ఎంత కనపడుతోందో ఆయన నోటితో రావాలి. నేనడిగితే చివరి వరస దాకా చదివేస్తారు. మీరు అడిగి చెప్పండి."

ఇంజెక్షన్ గది బయట బెంచీ మీద ఆయన ఒక్కరే కూర్చున్నారు. మిషనమ్మ వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని చూసుకుని, మాస్కు గడ్డం కిందికి లాగేసింది.

"ఏమండీ. నా మొహం కనపడుతోందా?"

"కనపడకపోవడమేంటే," అన్నారాయన. తల నిటారుగా పెట్టి, తడుముకోకుండా మొదలుపెట్టారు. "నుదురు. నుదుటి మీద ఎడంపక్క చిన్నప్పటి గాటు. కనుబొమ్మలు, కుడిది కాస్త పైకి. ముక్కు. ముక్కు పక్కన పుట్టుమచ్చ." ఒక్కొక్కటీ చెప్పి, కాస్త ఆగి, కిందికి దిగుతున్నారు. ఒక్కటి కూడా తప్పు లేదు. "పెదాలు." అక్కడ కొంచెం కళ్ళు చికిలించారు. "నవ్వుతున్నావు."

అవునంటే సరిపోయేది. ఆ మనిషి పొంగిపోయేవారు. మిషనమ్మ చెంపలు తుడుచుకోలేదు.

"లేదండీ," అంది. "ఏడుస్తున్నాను."

ఆయన చెయ్యి పైకెత్తి, గాలిలో వెతికి, ఆవిడ చెంప అందుకున్నారు. వేళ్ళకి తడి తగిలింది. ఆ చెయ్యి అక్కడే ఉంచేశారు.

"అయితే కనపడటం లేదే," అన్నారు మెల్లగా. "నీ మొహం నాకు కనపడి చాలా రోజులైంది."

మిషనమ్మ ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత మాస్కు పైకి లాక్కుని, పెళ్ళయినప్పటి నుంచి ఆయన్ని ప్రతి మెడికల్లోనూ గట్టెక్కించిన ఆ మనిషి, డాక్టరమ్మ గది గుమ్మం దాకా వెళ్ళింది.

"అడిగానమ్మా," అంది. "మావారు ఫెయిలయ్యారు."